తారామండల్ పేట నుంచి తారల దాకా

టిప్పు సుల్తాన్ రాకెట్ల ప్రస్తావన వస్తే నాకు రెండు రకాల మాటలు వినిపిస్తాయి. కొందరు "రాకెట్ మనదే" అని ఫఖ్ర్‌గా చెప్పుకుని అక్కడితో ఆగిపోతారు. కొందరు ఆ పేరు వినగానే మొహం తిప్పుకుంటారు. ఆ గొట్టంలో ఉన్న ఇల్మ్ ఏమిటన్న అసలు సవాల్ ఇద్దరికీ పట్టదు.

బారూద్ రాకెట్లు మైసూరు కంటే చాలా ముందే ఉన్నాయి. కాకపోతే అవి వెదురు, కాగితం గొట్టాలు. బారూద్ గట్టిగా కూరితే గొట్టమే పగిలేది. హైదర్ అలీ, టిప్పుల కాలంలో కారీగర్లు ఇనుప గొట్టం వాడారు. ఇనుము ఎక్కువ ఒత్తిడిని ఓర్చుకుంటుంది. ఒత్తిడి పెరిగితే వాయువు మరింత జోరుగా వెనక్కి చిమ్ముతుంది, రాకెట్ మరింత దూరం పోతుంది. వెనక్కి చిమ్మే ఆ వాయువు రఫ్తారే రాకెట్‌కి రూహ్.

1780లో పొల్లిలూరు జంగ్‌లో కల్నల్ బెయిలీ ఫౌజ్ ఈ రాకెట్ల దెబ్బ చవిచూసింది. బెంగళూరు, శ్రీరంగపట్నం లాంటి చోట్ల వీటిని తయారుచేసే పేటల్ని తారామండల్ పేటలనేవారు. ఎంత ముద్దొచ్చే పేరు!

1799 మే 4న శ్రీరంగపట్నం కూలింది, సుల్తాన్ షహీద్ అయ్యాడు. అంగ్రేజులకు అక్కడ వందల రాకెట్లు, సుమారు 9000 ఖాళీ గొట్టాలు చిక్కాయి. కొన్ని ఇంగ్లండ్ చేరాయి. 1804 నాటికే విలియం కాంగ్రీవ్ సొంత తజుర్బాలు మొదలుపెట్టాడు. 1807లో ఆయన రాకెట్లు కోపెన్‌హేగన్‌ని తగలబెట్టాయి. మరి మన దగ్గర? 2018లో శివమొగ్గ జిల్లాలో పాడుబడ్డ బావిలోంచి వెయ్యికి పైగా రాకెట్లు బయటపడ్డాయి. వాళ్ళు గొట్టాన్ని విప్పి చూశారు. మన గొట్టాలు బావిలో ఉండిపోయాయి.

1903లో రష్యాలో ఓ బడి పంతులు, సియోల్కోవ్‌స్కీ, ఈ రఫ్తార్ హిసాబ్‌ని సూత్రంగా రాశాడు. వాయువు రఫ్తార్‌కి మూడింతల వేగం కావాలంటే రాకెట్ బరువులో 95 శాతం ఇంధనమే ఉండాలి! హైడ్రోజన్, ఆక్సిజన్ మండితే వాయువు సెకనుకు సుమారు 4.5 కిలోమీటర్ల రఫ్తార్‌తో వస్తుంది. కరెంటుతో అయాన్లను తరిమే ఇంజన్లో అది 30 దాకా పోతుంది, కానీ దాని తోపుడు అరచేతిలో కాగితం బరువంత. వెలుగు రఫ్తార్ 3 లక్షలు. సెకనుకు 17 కిలోమీటర్లు పోయే వాయేజర్-1 రఫ్తార్‌తో అతి దగ్గరి తారను చేరాలన్నా సుమారు 75 వేల ఏళ్ళ సఫర్. వెలుగును దాటాలంటే ఆకాశాన్నే ముందు ముడిచి, వెనక సాగదీయాలని 1994లో అల్కుబియెర్ లెక్క కట్టాడు. అందుకు రుణశక్తి కావాలి. అంత రుణశక్తిని పోగుచేసే దారి ఇవాళ్టికీ ఎవరి దగ్గరా లేదు.

అంటే, తారామండల్ పేట కారీగర్ల సవాల్ ఇంకా ఖతం కాలేదు. 1963లో అమెరికాలోని వాలప్స్ కేంద్రంలో, గోడ మీద టిప్పు సేన రాకెట్ల చిత్రాన్ని అబ్దుల్ కలాం సాబ్ చూశారు. ఫఖ్ర్ పడ్డారు, కానీ అక్కడితో ఆగలేదు. 1980లో ఆయన సారథ్యంలో ఎస్‌ఎల్‌వి-3 రోహిణిని కక్ష్యలో పెట్టింది.

టిప్పుకి మన బచ్చాలు ఇవ్వగల అసలు సలామ్ నారా కాదు, భౌతికశాస్త్రం కితాబ్ తెరవడం.