గరివిడి నల్లరాయి: ఖనిజములను గుర్తించు పద్ధతిపై ఒక చారిత్రక పరిశీలన

విశాఖపట్నం ఓడరేవు చరిత్రను 1933తో ప్రారంభించుట వాడుక. ఆ యేట అక్టోబరు 7న ‘జలదుర్గ’ అను ఓడ క్రొత్త రేవులోనికి వచ్చినది. డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ దానిని లాంఛనముగా ప్రారంభించెను. అయితే రేవు త్రవ్వించుటకు ముఖ్య కారణములలో ఒకటి మాంగనీసు. మధ్యపరగణాల గనుల నుండి ఆ ఖనిజము సముద్రమునకు చేరుటకు దగ్గర దారి కావలసి వచ్చినది. అందుకే రాయపూరు–విజయనగరం రైలుమార్గమును, ఈ రేవును జతగా తలపెట్టిరి.

మన ప్రాంతములో ఈ వ్యాపారము అంతకంటె పాతది. భారతదేశములో మాంగనీసు త్రవ్వకము 1892 ప్రాంతమున మొదలైనది ఇక్కడనే, నాటి విశాఖపట్నం జిల్లాలోని కోడూరు పరిసరములలో. గరివిడి, గర్భాం, కోడూరు 1979 నుండి విజయనగరం జిల్లాలో చేరినవి గనుక, నేటి పాఠకులు దీనిని విశాఖ చరిత్రగా తలంచుట తక్కువ. మేము ఈ వ్యాసములో పరిశీలింపగోరునది ఒక్క ప్రశ్న. భూమిలో నల్లరాళ్లు ఎన్నో ఉండగా, ఏది మాంగనీసో, ఏది కాదో ఎట్లు తెలిసికొనిరి?

రంగును నమ్ముకొంటే మోసమే. ఇది వేదాంత విద్యార్థులకు క్రొత్త సంగతి కాదు. నిర్గమకాండము 28వ అధ్యాయములోని పతకపు రాళ్లలో ‘నీలము’ అని మనము చదువునది, పండితులలో అనేకుల అభిప్రాయము చొప్పున, నేటి నీలమణి కాదు, లాజవర్దము. ప్లినీ దానిలో బంగారు చుక్కలున్నవని వ్రాసెను. ఆ చుక్కలు లాజవర్దములో ఉండును గాని నీలమణిలో ఉండవు. రెండును నీలిరంగువే. కానీ కురువింద జాతికి చెందిన నీలమణి కాఠిన్యము 9. లాజవర్దమునకు 5 దాటి కొంచెమే. ఒకదానితో మరొకటి గీసినయెడల క్షణములో తేలిపోవును. ప్రాచీనులు రంగును బట్టి పేర్లు పెట్టిరి. ఆ పేర్లు అనువాదకులను నేటికిని తిప్పలు పెట్టుచున్నవి.

రంగును దాటి ఇతర లక్షణములను క్రమముగా చూడవలెనని బోధించినవాడు జర్మనీలోని ఫ్రైబర్గ్ గనుల పాఠశాల ఆచార్యుడు వెర్నర్. బాహ్య లక్షణములపై ఆయన గ్రంథము 1774లో వెలువడినది. ఆ సంప్రదాయములోనే మోస్ అనునాయన 1812లో పది మెట్ల కాఠిన్యపు కొలతను ఏర్పరచెను. ఆ విద్యయే భారత భూగర్భ సర్వే ఉద్యోగుల సంచిలో మన మన్యమునకు, మైదానమునకు వచ్చినది. సంచిలో ఉన్నవి ఖరీదైనవి కావు: సుత్తి, చాకు, అయస్కాంతము, మెరుగుపూత లేని పింగాణి పలక.

ఆ పలకపై గీసినప్పుడు పడు పొడి రంగు చాలా సంగతులు చెప్పును. హెమటైట్ ఇనుపరాయి నల్లగా మెరిసినను దాని గీత ఎఱ్ఱగా పడును. ఆ పేరే గ్రీకులో రక్తమను మాట నుండి వచ్చినది. పైరొలుసైట్ అను మాంగనీసు ఖనిజము నల్లగీత గీయును, వ్రేళ్లకు మసి అంటించును. ఈ కొండలలో దొరకు గ్రాఫైటు కూడ మసి అంటించును గనుక తికమక కలుగును. కాని గ్రాఫైటు చేతికి జిడ్డుగా తగులును. నీటికంటె రెండింతలు మాత్రమే బరువు. మాంగనీసు ఖనిజము నాలుగైదింతలు. చేతిలో తూచి చూచిన కూలివానికి ఈ భేదము చెప్పనక్కరలేదు.

ఇప్పుడు అసలు కథకు వత్తుము. లూయీ లీ ఫెర్మర్ అను యువ భూగర్భ శాస్త్రజ్ఞుడు 1902లో సర్వేలో చేరి, దేశములోని మాంగనీసు గనులన్నిటిని గూర్చి బృహద్గ్రంథము సిద్ధపరచెను. అది 1909లో వెలువడినది. (ఆంగ్ల యాత్రా రచయిత పాట్రిక్ లీ ఫెర్మర్ ఈయన కుమారుడే.) కోడూరు దగ్గరి గార్నెట్ శిలకు ఆయన ‘కోడూరైట్’ అని పేరు పెట్టెను. ఒక తెలుగు పల్లె పేరు ప్రపంచ శిలాశాస్త్ర గ్రంథములలో నిలిచెను. గరివిడిలోను, నాగపూరు దగ్గర బెల్డోంగ్రిలోను ఆయనకు ఒక విచిత్రమైన రాయి దొరికినది. ఉక్కు వన్నె, గోధుమ గీత, చాకుకు లొంగని కాఠిన్యము. అన్నిటికి మించి అయస్కాంతమును గట్టిగా ఆకర్షించుట. మామూలు మాంగనీసు ఖనిజములకు ఇంత ఆకర్షణ లేదు. కావున ఇది క్రొత్త ఖనిజమని నిర్ణయించి, తన సహోద్యోగి వ్రెడెన్‌బర్గ్ పేరిట ‘వ్రెడెన్‌బర్గైట్’ అని పిలిచెను.

ఆ తరువాత 1930, 1940 దశకములలో రాతి ముక్కలను అద్దమువలె సానబట్టి సూక్ష్మదర్శినితో చూచినప్పుడు, అది ఒక ఖనిజము కాదని తేలినది. జాకబ్సైట్, హౌస్మనైట్ అను రెండు ఖనిజములు సన్నని రేకులుగా ఒకదానిలో ఒకటి అల్లుకొని ఉన్నవి. వేడిలో ఒక్కటిగా ఉన్న పదార్థము చల్లారునప్పుడు రెండుగా విడిపోయెను. అయస్కాంత గుణము జాకబ్సైటుది. ఫెర్మర్ పరీక్షలు తప్పు కావు. ఆయన చూచినదంతయు నిజమే. కంటికి, చాకుకు, అయస్కాంతమునకు అందని లోతులో భేదము దాగియున్నది.

ఇటువంటి దాపరికము వ్యాపారములో ఇంకొకటి ఉండెను. ఈ ప్రాంతపు ఖనిజములో ఇనుము, భాస్వరము పాలు హెచ్చు. భాస్వరము ఉక్కును పెళుసుగా చేయును; అందువలన ఖనిజమునకు ధర తగ్గును. దానిని గీతయు చెప్పదు, బరువును చెప్పదు. రసాయన పరీక్ష చేయవలసినదే. గనిలో సుత్తెలతో రాయి పగులగొట్టి, మంచిది, చెడ్డది వేరుచేసిన కూలీల చేతికి ఎంత నేర్పున్నను, వెల కట్టునది మాత్రము ప్రయోగశాల.

ఆ ఏరివేతలో ఆరితేరిన చేతుల పేరు ఏ ఖనిజమునకును లేదని మేము గమనించుచున్నాము. విశాఖ కొండలలో కనబడు చార్నకైటు పేరు కలకత్తా సెయింట్ జాన్స్ దేవాలయపు ఆవరణలోని జాబ్ చార్నక్ సమాధి రాయి నుండి వచ్చినది. హాలండ్ దానిని 1893లో పరీక్షించెను. కైలాసగిరి శిలయైన ఖొండలైటుకు మాత్రము 1902లో వాకర్ ఖోండు గిరిజనుల పేరు పెట్టెను. అంతవరకు మెచ్చుకొనదగినదే.

1950ల దశకములో గరివిడిలో ఫెర్రో మాంగనీసు కర్మాగారము వెలసినది. 1971లో శంకుస్థాపన జరిగి, 1992లో జాతికి అంకితమైన విశాఖ ఉక్కు కర్మాగారమునకు మాంగనీసు గని గర్భాంలోనే ఏర్పడినది. వ్రెడెన్‌బర్గైటు పేరు ఖనిజముల పట్టికలో నుండి తొలగిపోయినను, గరివిడి రాయి ముక్కను అయస్కాంతము దగ్గర పెట్టినయెడల నేటికిని చటుక్కున అంటుకొనును.