కలాం–రాజు స్టెంట్
పూడుకుపోతున్న గుండె ధమనిని తెరిచి ఉంచే లోహపు అమరిక. రక్షణ శాస్త్రవేత్త ఎ.పి.జె. అబ్దుల్ కలాం, హృద్రోగ నిపుణుడు డాక్టర్ బి. సోమరాజు హైదరాబాద్‌లో రూపొందించారు. 1998లో వెలుగులోకి వచ్చింది. దిగుమతి స్టెంట్లు సామాన్యుడికి అందని రోజులవి. ధర తగ్గించడమే దీని ఉద్దేశం. స్టెంట్‌ను తొడ లేదా మణికట్టు రక్తనాళం గుండా పంపి, బెలూన్ ఉబ్బించి ధమని గోడకు ఆనిస్తారు. తర్వాత మందుపూత స్టెంట్లదే పైచేయి అయింది.

అయితే స్టెంట్ చౌకైతే సరిపోదు. పాలమూరు (మహబూబ్‌నగర్), నల్లగొండ పల్లెల రోగికి స్టెంట్ వేసే క్యాథ్‌ల్యాబ్ అంటే చాలాకాలం హైదరాబాదే. గుండె చికిత్సలూ ఉన్న ప్రభుత్వ వైద్య పథకం ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. ఇక ధర విషయానికొస్తే, 2017 ఫిబ్రవరిలో కేంద్రం సాదా స్టెంట్‌కు 7,260, మందుపూత స్టెంట్‌కు 29,600 రూపాయల గరిష్ఠ ధర విధించింది, పన్నులు అదనం.