బందరు చిత్రశాలయు బాపిరాజును

ఆంధ్రదేశపు చిత్రలేఖనమును గూర్చి ముచ్చటించునప్పుడెల్ల మన దృష్టి రాజమహేంద్రవరమువైపే పోవును. అది తప్పుగాదు. దామెర్ల రామారావు 1925లో, ఇరువదియెనిమిదేండ్లైన నిండకమున్నే, మశూచికమున గతించినను గోదావరిగట్టు వెలుగు ఆతని పటములందు నిలిచియున్నది. కాని కృష్ణ కడలిని జేరు సీమలోను ఒక చిత్రశాల వెలసిన సంగతి మన యిండ్లలో పెక్కుమంది యెరుగరు.

1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగారలు మచిలీపట్టణమున ఆంధ్రజాతీయ కళాశాలను స్థాపించిరి. చేతిపనిని చదువునుండి వేరుచేయరాదని వారి పట్టుదల. అద్దకముచే ఖండాంతరములందు పేరొందిన బందరులో ఈ మాట క్రొత్తదా? రంగుల మర్మ మెరిగినవానిని పనివాడని వాకిట నిలిపి, ఆంగ్లమున నాలుగు ముక్కలు వ్రాయువానికి పీట వేసిన అలవాటు మాత్రము మనదే.

అచ్చటికి వంగదేశమునుండి ప్రమోదకుమార చటోపాధ్యాయుడు ఆచార్యుడై వచ్చెను. అవనీంద్రనాథ ఠాకూరు మార్గమున, కాగితముపై పలుచని రంగు పూసి, నీట తడిపి, ఆరినపిదప మరల పూయుదురు. అంచులు కరగి, బొమ్మ మంచుతెర వెనుకనున్నట్లు తోచును. భీమవరపు ప్రాంతమున 1895లో జన్మించిన అడివి బాపిరాజు ఈ విద్య నిచ్చటనే అభ్యసించెను. రాజమహేంద్రవరమున కూల్డ్రేదొరవద్ద చదివిన నాడే ఆతనికి కళాభిరుచి కుదిరినది. రామారావును ఆ దొర శిష్యుడే.

ఇంచుమించు ఆ కాలముననే స్పెయిను దేశమున సొరోల్యా (1863–1923) అను చిత్రకారుడు వలెన్సియా సముద్రతీరపు టిసుకలో నిలిచి, మండుటెండలో బెస్తల తెరచాపలను, నీట నాడు బాలురను చూచినది చూచినట్లు చిత్రించుచుండెను. బందరు తీరమున ఎండ కొరతయా? దివిసీమ రేవులలో పడవలు లేవా? గుడివాడ మాగాణులలో నాట్లువేయు స్త్రీలు లేరా? మనవారు అజంతావైపు, పురాణములవైపు మరలిరి. పరపాలనలో పాశ్చాత్యుల బొమ్మలకు నకళ్లు దించుటయే విద్య యనిపించుకొన్న దినములలో అట్లు మరలుట ఆత్మగౌరవమే. ఐనను ఆ యెండను గూడ పట్టియుండిన ఎంత బాగుండెడిదో యని మాకు తోచకమానదు.

బాపిరాజు జీవితము ఒక్క కుంచెతో గడువలేదు. సహాయనిరాకరణోద్యమమున చెరసాల కేగెను; న్యాయశాస్త్రము చదివెను; 1934 మొదలు 1939 వరకు తాను చదివిన జాతీయ కళాశాలకే అధ్యక్షుడై యుండెను. చలనచిత్రములకు కళాదర్శకత్వము వహించెను. హైదరాబాదున 'మీజాన్' పత్రికను నడపెను. ఈ తిరుగుళ్ల నడుమ ఎన్ని పటములు సగములో నిలిచిపోయెనో! చిత్రకారునకు గ్రాసము చూపని సంఘము, ఆతడు నిలుకడలేనివాడని నిందించుట న్యాయమా?

ఆంధ్రవిశ్వకళాపరిషత్తు బహుమతిని 'వేయిపడగలు'తో పంచుకొన్న 'నారాయణరావు'ను మన స్త్రీలు మక్కువతో చదివిరి. 'హిమబిందు', 'గోన గన్నారెడ్డి' నేటికిని చదువుచున్నారు. 1952లో ఆయన గతించెను. మేమెరిగిన యిండ్లలో ఆయన నవలలు బీరువాలనిండ గలవు. ఆయన వ్రాసిన బొమ్మ ఒక్కటియైన గోడపై మాకు కనబడలేదు.