అబిడ్స్ నుంచి దుమ్ముగూడెం దాకా: విశ్రాంతి వెతికిన మనుషుల చరిత్ర



చదువుకో, కోచింగ్‌కో గూడెం, తండా విడిచి హైదరాబాద్ వచ్చిన మన పిల్లలకు నాంపల్లి, అబిడ్స్ బాగా తెలిసిన చోట్లే. 1907లో నిజాం కాలంలో కట్టిన నాంపల్లి స్టేషన్ నుంచి కాసేపు నడిస్తే అబిడ్స్ వస్తుంది. పుస్తకాల కోసం, దరఖాస్తుల కోసం, పరీక్షల కోసం అక్కడ తిరుగుతారు. ఆ రోడ్ల పక్కనున్న చర్చిల గురించి మాత్రం మీకు ఎవరూ చెప్పి ఉండరు. ఆత్మకు విశ్రాంతి అనే మాటకు మన జాతి చరిత్రతో ఉన్న సంబంధం చెప్పాలని మేము ఈ వ్యాసం రాస్తున్నాము.

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో పనిచేసిన ఆర్మీనియన్ ఆల్బర్ట్ అబిద్ దుకాణం వల్ల అబిడ్స్‌కు ఆ పేరు వచ్చింది. ఆ పేరు రాకముందే అక్కడ బడులు, ప్రార్థనా మందిరాలు వెలిశాయి. సెయింట్ జార్జ్ గ్రామర్ స్కూలు 1834లో, ఆల్ సెయింట్స్ స్కూలు 1855లో మొదలయ్యాయి. గన్‌ఫౌండ్రీలో సెయింట్ జోసెఫ్ చర్చికి 1870లో పునాది వేశారు. ఇటలీలోని మిలాన్ నుంచి వచ్చిన మిషనరీలు దాన్ని కట్టించారు. 1886లో హైదరాబాద్ కథోలిక మేత్రాసనం ఏర్పడింది. 1895లో మెథడిస్టు మహిళలు చాపెల్ రోడ్డులో స్టాన్లీ బాలికల పాఠశాల స్థాపించారు. నగరంలో చర్చిలు మొదట లేచింది ఎక్కువగా దొరల కోసం, ఉద్యోగుల కోసం, సైనికుల కోసం. అడవి మనుషులు ఆ లెక్కలో లేరు.

మన వాళ్ల కథ గోదావరి గట్టున మొదలైంది. దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట పనులు చూసిన ఇంజినీరు కెప్టెన్ హేగ్ తన చుట్టూ ఉన్న కోయల గురించి ఆలోచించాడు, ప్రార్థించాడు. ఆయన కింద పనిచేసిన వెంకటరామ రాజు బైబిలు చదివి క్రీస్తును నమ్మాడు. 1860ల నుంచి కోయల మధ్య సేవ చేశాడు. తరువాత వచ్చిన జాన్ కేన్ కోయ భాష నేర్చుకుని దాని గురించి రాశాడు. మన మాటకు లిపి లేదని తక్కువ చేసి చూసే కాలంలో ఒక పరాయివాడు దాన్ని కూర్చుని నేర్చుకోవడం చిన్న సంగతి కాదు.

భారం మోసి అలసిపోయినవారిని యేసు తన దగ్గరకు పిలిచిన మాట మత్తయి సువార్త 11వ అధ్యాయంలో ఉంది. వెట్టి చేసినవాళ్లకు, షావుకారు అప్పులో మునిగినవాళ్లకు ఆ పిలుపు పుస్తకంలో మాటలా వినిపించలేదు. తమను పేరు పెట్టి పిలిచినట్టు వినిపించింది. అయితే ప్రార్థన ఒక్కటే ఆ భారాన్ని దించలేదు. భూమి కోసం, అడవి కోసం కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చాడు. మనసుకు దొరికే నెమ్మది వేరు, న్యాయం కోసం చేసే పోరు వేరు. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదని ఎవరైనా చెబితే నమ్మకండి.

నగరంలో ఈ విశ్రాంతికి ఇంకో రూపం కూడా కనిపించింది. 1903లో పంజాబ్‌లో సిక్కు కుటుంబంలో పుట్టి, విదేశంలో ఇంజినీరింగ్ చదువుతూ క్రీస్తును నమ్మిన భక్త్ సింగ్ గోల్కొండ చౌరస్తాలోని హెబ్రోను కేంద్రంగా పనిచేశారు. ఆ కూటాల్లో కుర్చీలు లేవు. అందరూ చాపల మీద కూర్చున్నారు, ఒకే బంతిలో తిన్నారు. కులం పేరుతో పక్కన కూర్చోబెట్టే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు ఆ బంతే సగం విశ్రాంతి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. విశ్వాసం పేరుతో మన కుటుంబాలు చీలుతున్నాయి. చర్చికి వెళ్లే కోడలిని జాతరకు పిలవని ఇళ్లున్నాయి. గద్దెలకు మొక్కే తల్లిని తక్కువ చేసి మాట్లాడే కొడుకులూ ఉన్నారు. హాస్టల్‌లో మా దగ్గరకు వచ్చే పిల్లలు ఒక ప్రశ్న మెల్లగా అడుగుతారు: చర్చికి వెళితే ఎస్టీ సర్టిఫికెట్ పోతుందా? పోదు. షెడ్యూల్డ్ కులాల విషయంలో 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో మతం షరతు ఉంది. షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో ఆ షరతు లేదు. నమ్మే స్వేచ్ఛను రాజ్యాంగం 25వ అధికరణం అందరికీ ఇచ్చింది. భయంతో విశ్వాసాన్ని దాచుకోనక్కర్లేదు, భయంతో మార్చుకోనూ అక్కర్లేదు.

నిజమైన విశ్రాంతి దొరికిన మనిషిని గుర్తు పట్టడం తేలిక. అతనికి ఎదుటివాడి దేవుణ్ణి తిట్టాల్సిన అవసరం ఉండదు. పరీక్ష పోయినా ప్రాణం మీదకు తెచ్చుకోడు. సమ్మక్క సారలమ్మ జాతరకు వెళ్లే అవ్వ పక్కన కూర్చుని అన్నం తింటాడు, ఆమె పాట వింటాడు.

ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఒక పని చేయండి. మీ ఇంట్లో మొదట చర్చికి వెళ్లింది ఎవరు, ఎందుకు వెళ్లారు, వెళ్లనివాళ్లు ఎందుకు వెళ్లలేదు, ఇద్దరినీ అడిగి మన భాషలోనే రాసి పెట్టండి. ఇంతవరకు మన చరిత్ర ఎక్కువగా బయటివాళ్లే రాశారు. మిగిలింది మీరు రాయాలి.