అంజూ బాబీ జార్జ్

అంజూ బాబీ జార్జ్ (జననం: 1977 ఏప్రిల్ 19, చంగనాచేరి, కేరళ) లాంగ్‌జంప్, ట్రిపుల్‌జంప్ క్రీడాకారిణి. హెప్టాథ్లాన్‌తో మొదలై జంప్‌ల వైపు మళ్లారు. భర్త, కోచ్ బాబీ జార్జ్ ట్రిపుల్‌జంప్‌లో జాతీయ విజేత. తెలుగు నేలకూ ఆమె ఘనతలో వాటా ఉంది: ట్రిపుల్‌జంప్‌లో ఆమె అత్యుత్తమ దూరం 13.67 మీటర్లు, 2002లో హైదరాబాద్‌లో నమోదైంది. మరుసటి ఏడాది అక్కడే ఆఫ్రో-ఆసియా క్రీడల్లో లాంగ్‌జంప్ స్వర్ణం గెలిచారు.

2003 పారిస్ ప్రపంచ చాంపియన్‌షిప్స్‌లో 6.70 మీటర్లతో కాంస్యం సాధించారు. ఆ పోటీల చరిత్రలో భారత్‌కు అదే తొలి పతకం. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో 6.83 మీటర్లు దూకి ఆరో స్థానంలో నిలిచారు. ఆమెకంటే ముందు నిలిచిన మేరియన్ జోన్స్ ఫలితం రద్దయ్యాక అది ఐదో స్థానమైంది. పతకం రాకున్నా లాంగ్‌జంప్‌లో ఆమె అత్యుత్తమ దూరం ఆ 6.83 మీటర్లే. ఇరవై ఏళ్లు దాటినా జాతీయ రికార్డుగా నిలిచింది. అప్పట్లో టేకాఫ్ పలక అంచున పరిచిన మెత్తటి పొరపై పాదం గుర్తు పడినా ఆ జంప్ ఫౌల్ అయి లెక్కలోకి వచ్చేది కాదు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఆమె మూడు ప్రయత్నాలూ ఫౌల్ అయ్యాయి.