గుమ్మడికాయలో మెంతుల వాసన

కిందటేడు అక్టోబరు నెలంతా మేం న్యూజెర్సీలో మా అమ్మాయి దగ్గర ఉన్నాం. ఆ ఊళ్ళో ఏ ఇంటి ముందు చూసినా గుమ్మడికాయలే. మెట్టుకొకటి చొప్పున పేర్చిన వాళ్ళు కొందరైతే, బండెడు తెచ్చి కుప్పపోసిన వాళ్ళు కొందరు. మొదటిరోజు చూసి, "ఊరంతా కలిసి వడియాలు పెట్టుకుంటారు కాబోలు" అన్నాను. మావారు నవ్వి, "వడియాలకి బూడిద గుమ్మడి కావాలోయ్, ఇది తియ్యగుమ్మడి. పులుసులోకి పనికొస్తుంది" అని నన్ను సరిదిద్దారు. మా ఇద్దరి పాండిత్యమూ మా మనవడికి నచ్చలేదు. "ఇవి తినడానిక్కాదు అమ్మమ్మా, హాలోవీన్‌కి!" అన్నాడు.

అక్టోబరు 31 రాత్రి అక్కడ పిల్లలు దయ్యాల వేషాలూ, రాజకుమారి వేషాలూ వేసుకుని ఇంటింటికీ తిరిగి మిఠాయిలు అడుగుతారు. గుమ్మడికాయని డొల్ల చేసి, కళ్ళూ ముక్కూ నోరూ కోసి, లోపల దీపం పెట్టి గుమ్మంలో ఉంచుతారు. దాని పేరు జాక్ ఓ లాంతరు. మావాడికీ ఒకటి కావాలి. మా అమ్మాయి ససేమిరా అంది. అంతకు ముందటేడు చెక్కిన కాయ వారం తిరక్కుండానే బూజుపట్టి, చతికిలబడి, నీరు కారి మెట్లన్నీ పాడుచేసిందట. మరి కోసిన కాయ ఎన్నాళ్ళుంటుంది?

వాడి మొహం చూసి నాకు జాలేసింది. "కాయ ఎందుకురా, కాగితంతో చేసుకుందాం" అన్నాను.

చెప్పొద్దూ, అమెరికా వెళ్ళిన అమ్మమ్మలందరికీ ఓ బాధ ఉంటుంది. మనకి వచ్చిన పనేదీ అక్కడ ఎవరికీ అక్కర్లేదు. గిన్నెలు మిషను తోముతుంది. బట్టలు మిషను ఆరబెడుతుంది. కథ చెబుదామంటే పిల్లవాడికి సగం మాటలు తెలియవు. అలాంటిది, వాడు కళ్ళింత చేసుకుని "నీకు వచ్చా?" అని అడిగేసరికి, "ఓ, రాకేం" అనేశాను. నిజానికి నాకు రాదు. మా మామ్మకి వచ్చు.

మాది తణుకు దగ్గర పల్లెటూరు. మామ్మ ఇంట్లో చిత్తుకాగితం పారెయ్యనిచ్చేది కాదు. పాత పరీక్ష పేపర్లూ, శుభలేఖలూ, చిరిగిన వారపత్రికలూ, ఉత్తరాలూ అన్నీ ఓ కుండలో నాలుగు రోజులు నానేసేది. తరువాత నీళ్ళు పిండేసి, నానబెట్టిన మెంతులతో కలిపి రోట్లో మెత్తగా రుబ్బేది. గిన్నె బోర్లించి, తడిగుడ్డ కప్పి, ఆ గుజ్జుని దాని మీద మెత్తి ఎండలో పెడితే, రెండు మూడు రోజులకు గలగలలాడుతూ ఊడివచ్చేది తట్ట. చిల్లులు పడ్డ చేటలకీ అదే వైద్యం. మెంతులు జిగురుకి జిగురు, ఆ చేదుకి పురుగు కూడా పట్టదని మామ్మ అనేది. మా ఇంట్లో వెల్లుల్లిపాయలు పోసుకునే తట్ట అలా చేసిందే. దాని అడుగున ఒకచోట రోటికి నలగని చిన్న కాగితం ముక్క ఉండిపోయింది. ఎవరి ఉత్తరమో ఏమో, దాని మీద "క్షేమం" అన్న మాట ఒక్కటే కనపడేది.

నా పెళ్ళయ్యాక సారెతో పాటు ఆ తట్ట కూడా నా పెట్టెలో పెట్టింది మామ్మ. అత్తవారింట్లో నవ్వుతారని నేను బయటికి తియ్యనే లేదు. ఏడాది పోయాక, మెరిసే ప్లాస్టిక్ బుట్ట ఒకటి కొనుక్కుని, దాన్ని చెత్తలో పడేశాను. మామ్మ ఎప్పుడు కనిపించినా, "తట్ట ఉందిటే?" అని అడిగేది. "ఉంది మామ్మా" అనేదాన్ని. ఆవిడ పోయేదాకా అదే జవాబు.

సరే, మాట ఇచ్చాను గనక తప్పదు. మా అమ్మాయి ఇంటికి నడిచి వెళ్ళేంత దూరంలో లైబ్రరీ ఉంటే, మావారిని వెంటపెట్టుకుని వెళ్ళి పుస్తకాలు తిరగేశాను. చదివినకొద్దీ నాకే ఆశ్చర్యం వేసింది.

ఈ పనికి లోకమంతటా చెలామణీ అయ్యే పేరు పేపర్ మాషే. ఫ్రెంచి మాట. "నమిలిన కాగితం" అని అర్థం. పేరు ఫ్రెంచిదైనా పని తూర్పుదేశాలది. మన దేశంలో దీనికి పేరుపడ్డ చోటు కాశ్మీరం. అక్కడ 1420 నుంచి 1470 దాకా ఏలిన సుల్తాను జైనుల్ ఆబిదీన్ సమర్కందు వైపు నుంచి పనివాళ్ళను రప్పించి ఈ విద్యకు ప్రాణం పోశాడని కాశ్మీరీలు చెప్పుకుంటారు. అక్కడ పని రెండు పాళ్ళు. కాగితం నానేసి, దంచి, గంజితో కలిపి అచ్చు మీద మెత్తి ఆకారం తియ్యడం ఒకరి పని. దాన్ని సఖ్త్‌సాజీ అంటారు. దాని మీద పువ్వులూ లతలూ చిత్రించడం మరొకరి పని. అది నక్కాషీ. మొదట్లో కలందానుల మీదే ఎక్కువగా ఈ చిత్రాలు వేసేవారట. దంచడానికి వాళ్ళు వాడేది రాతిరోలు అని చదవగానే, నాకు మా పెరట్లో రోలు కళ్ళ ముందు కదిలింది. ఈ రోజుల్లో ఆ కాశ్మీరీ చేతులే క్రిస్మసు చెట్టుకి వేలాడదీసే గంటలూ, చుక్కలూ చేసి విదేశాలకు పంపుతున్నాయి.

ఇక ఇంగ్లండు సంగతి. బర్మింగ్‌హాంలో హెన్రీ క్లే అనే ఆయన 1772లో ఒక పేటెంటు పుచ్చుకున్నాడు. గుజ్జు రుబ్బడం కాదు, కాగితాలను జిగురు పూసి అచ్చు మీద పొర మీద పొర అంటించి, నూనె పట్టించి, ఆవంలో వేడిచేస్తే చెక్కలాగా గట్టిపడేది. దాన్ని కొయ్యవచ్చు, చిత్రికపట్టవచ్చు. దాంతో పళ్ళేలే కాదు, గుర్రపుబళ్ళ పలకలు కూడా చేశాడు. కాగితం బండి ఎక్కి వానలో ఊరేగిన దొరలున్నారన్న మాట!

చూశారా, రాజుగారి పేరు చరిత్రలో ఉంది, పేటెంటు దొరగారి పేరూ ఉంది. చిరిగిన చేటకు గుజ్జు మెత్తిన ఆడవాళ్ళ పేరు ఏ పుస్తకంలో ఉందీ? అయితే, ఒక్క మంచి కబురు చెప్పుకోవాలి. బీహారులో మధుబని వైపు ఆడవాళ్ళు కాగితం గుజ్జుతో గిన్నెలూ బొమ్మలూ చేస్తారు. వాళ్ళలో సుభద్రాదేవి గారికి ఈ కళకే 2023లో పద్మశ్రీ వచ్చింది. అది చదివి, మామ్మకే వచ్చినంత సంబరపడ్డాను.

మరి ఈ దీపాల గుమ్మడి ఎక్కడిదంటే, దాని పుట్టిల్లు అమెరికా కాదు, ఐర్లండు. అక్కడి పాత కెల్టు జాతుల వాళ్ళకు నవంబరు మొదటి తేదీతో చలికాలం మొదలు. ఆ పండుగ పేరు సావిన్. ఆ సంధిరాత్రి చచ్చిపోయినవాళ్ళు తిరుగుతారని నమ్మకం. తరువాత క్రైస్తవ మతం వచ్చి నవంబరు 1ని పుణ్యాత్మలందరి పండుగ చేసింది. దాని ముందు సాయంకాలమే హాలోవీన్. అక్కడివాళ్ళు టర్నిప్ దుంపలను తొలిచి, భయంకరమైన మొహాలు చెక్కి, లోపల దీపం పెట్టేవారు. జాక్ అనే పిసినారి దయ్యాన్నే మోసం చేశాడనీ, స్వర్గంలోనూ నరకంలోనూ చోటు దొరక్క, దుంపలో నిప్పుకణిక పెట్టుకుని చీకట్లో తిరుగుతున్నాడనీ వాళ్ళ కథ. అలాంటి టర్నిప్ మొహానికి పోతపోసిన నమూనా ఒకటి ఐర్లండు జాతీయ మ్యూజియంలో ఉంది. బొమ్మ చూశాను. నిజం చెబుతున్నాను, ఆ రాత్రి లైటు వేసుకుని పడుకున్నాను.

1845లో ఐర్లండులో బంగాళాదుంపలకు తెగులు వచ్చింది. అదే తిండిగా బతికే బీదజనం ఏళ్ళ తరబడి ఆకలికి మాడిపోయారు. పది లక్షల మంది పోయారు. మరో పది లక్షలకు పైగా ఓడలెక్కి దేశం వదిలారు. అమెరికా చేరినవాళ్ళు తమ పండుగనూ మూటలో కట్టుకుపోయారు. కొత్తదేశంలో ఎటు చూసినా గుమ్మడికాయలు. దుంపకంటే పెద్దవి, తొలచడం తేలిక. అక్కడి పల్లెల్లో పిల్లలు అప్పటికే వాటికి మొహాలు చెక్కి ఆడుకునేవారు కూడాను. అలా పాత దీపం కొత్త కాయలోకి దూరింది. దొరికినదాంతో సర్దుకోవడం అంటే అదే గదా!

ఆ మాటకొస్తే మనమూ అంతే. బూడిద గుమ్మడి మన తూర్పుదేశాలదే. "గుమ్మడికాయల దొంగ ఎవడంటే భుజాలు తడుముకున్నాడ"న్న సామెత దాని బూడిదవల్లే వచ్చింది. కానీ తియ్యగుమ్మడి అమెరికా ఖండాల మొక్క. మెక్సికోలోని ఒక గుహలో సుమారు పదివేల ఏళ్ళనాటి ఆ జాతి గింజలు దొరికాయి. పోర్చుగీసువాళ్ళు మన తీరాలకు వచ్చాకే అది మనకు తెలిసింది. సంక్రాంతికి మన గొబ్బెమ్మ తలలో తురిమే ఆ పచ్చటి పువ్వు సముద్రాలు దాటి వచ్చిందే. దిష్టి తగలకుండా మనం గుమ్మానికి కట్టే కాయ, దయ్యం రాకుండా వాళ్ళు గుమ్మంలో పెట్టే కాయ రెండూ చుట్టాల్లాగే కనిపించాయి నాకు.

ఈ పండుగలోకి కాగితం ఎప్పుడు వచ్చిందంటే, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో. డెన్నిసన్ అనే రంగుకాగితాల కంపెనీ 1909లో ఒక చిన్న పుస్తకం వేసింది. దాని పేరు బోగీ బుక్. భోగిపండుగ కాదండోయ్, వాళ్ళ భాషలో బోగీ అంటే బూచి. కాగితంతో ఇల్లు ఎలా అలంకరించాలో, వేషాలు ఎలా కుట్టుకోవాలో అందులో బొమ్మలతో సహా ఉండేది. ఇల్లాళ్ళు పోటీపడి కొన్నారు. ఆ రోజుల్లోనే జర్మనీ నుంచి కాగితపు గుజ్జు గుమ్మడికాయలు ఓడల్లో దిగేవి. కళ్ళకీ నోటికీ వెనక పల్చటి రంగుకాగితం అంటించి, లోపల కొవ్వొత్తి పెట్టేవారు. తరువాత అమెరికాలోనే, కోడిగుడ్ల అట్టలు చేసే గుజ్జు లాంటిదానితోనే వాటిని అచ్చుపోశారు. పాపం, కాగితం లోపల కొవ్వొత్తి! కాలిపోయినవి కాలిపోగా, మిగిలినవి ప్లాస్టిక్ వచ్చాక చెత్తలోకి పోయాయి. ఇప్పుడు ఎక్కడైనా ఒకటి మిగిలి ఉంటే, వేడుకగా పోగుచేసేవాళ్ళు ఎంతైనా పోసి కొంటున్నారు. ప్లాస్టిక్ వచ్చాక పారేశారన్న మాట చదివి, పుస్తకం మూసేసి కాసేపు కూర్చుండిపోయాను.

ఇంటికొచ్చి పని మొదలుపెట్టాం. మొదట క్లే దొరగారి పద్ధతి. బెలూను ఊది, పాత పేపర్లు పేలికలుగా చింపి, ఉడికించిన మైదా జిగురుతో మూడు పొరలు ఒక్కసారే అంటించేశాం. అదే పొరపాటు. మన గోదావరి ఎండ అనుకున్నానేమో! ఆ చలికి నాలుగు రోజులైనా ఆరలేదు. అయిదో రోజు చూస్తే నల్లగా బూజు. "నిజం గుమ్మడికాయే నయం" అన్నారు మావారు. మనవడు ఏమీ అనలేదు. అనకపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

రెండోసారి తొందరపడలేదు. పొరకీ పొరకీ మధ్య పూర్తిగా ఆరనిచ్చాం. ఇంట్లో వేడిగాలి వచ్చే చోట పెట్టి గంటకోసారి తిప్పాం. ఒక పొర ఆరాక, పైనుంచి కిందికి దారం చుట్టి కాస్త బిగించి కడితే గుమ్మడికాయకి ఉండే తొనలు వచ్చాయి. నాలుగో పొర పైన మామ్మ పద్ధతి. మెంతులు నానేసి, కాగితంతో కలిపి మిక్సీలో తిప్పి, ఆ గుజ్జు సన్నగా మెత్తాను. బెలూను టప్పున పేల్చాక, మనవడు నారింజరంగు పూశాడు. కళ్ళూ నోరూ వాళ్ళమ్మ కోసింది. కొవ్వొత్తి మాత్రం వద్దన్నాను. బ్యాటరీ దీపం పెట్టాం.

పండుగ రాత్రి గుమ్మంలో దాన్ని చూసి ఆగనివాళ్ళు లేరు. ఒక చిన్నపిల్ల వంగి వాసన చూసి ఏదో అడిగింది. మావాడు ఛాతీ విరుచుకుని జవాబు చెప్పాడు. తరువాత అడిగితే, "అది మా ముత్తవ్వ మందు, పురుగులు రావు అని చెప్పాను" అన్నాడు. ముత్తవ్వ కాదురా, ఆ పైమెట్టు అని సరిదిద్దబోయి ఊరుకున్నాను. వరస తప్పితే తప్పింది గానీ, మనిషి తప్పలేదు.

ఆ రాత్రి మా అమ్మాయితో తట్ట సంగతి మొత్తం చెప్పాను. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. అది ఏమీ అనలేదు, నా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

మేం తిరిగి వచ్చిన నెలరోజులకు ఫోనులో వంటిల్లు చూపిస్తుంటే, గట్టు మీద మా గుమ్మడికాయ కనిపించింది. పైమూత తీసేసి ఉంది. "ఇంకా పారెయ్యలేదుటే?" అన్నాను. "వచ్చే ఏడుకి దాచమన్నాడమ్మా వాడు. అందాకా ఖాళీగా ఎందుకని వెల్లుల్లిపాయలు పోశాను" అంది.