ఘటసర్పము, చైనా డ్రాగన్ ఒకటేనా?



మా సంఘంలో ఒక కుర్రాడు డ్రాగన్ బొమ్మ ఉన్న చొక్కా వేసుకుని ఆరాధనకు వచ్చాడు. "ఇది ప్రకటన 12వ అధ్యాయంలోని ఘటసర్పం, సాతాను గుర్తు" అని ఒక పెద్దాయన అందరి ముందూ అన్నారు. నేనూ తల ఊపాను. ఆ కుర్రాడు మళ్లీ మందిరానికి రాలేదు. చొక్కా మీదున్నది చైనా డ్రాగన్. దాని సంగతి నేను చదివింది ఆ తర్వాతే.

చైనీయులు దాన్ని లొంగ్ అంటారు. జింక కొమ్ములు, పాము మెడ, చేప పొలుసులు, డేగ గోళ్లు. నదుల్లో, మేఘాల్లో ఉండి వాన కురిపిస్తుందని వారి నమ్మకం. వానలు పడకపోతే కొన్ని పల్లెల్లో డ్రాగన్ రాజు విగ్రహాన్ని గుడిలోంచి తెచ్చి ఎండలో కూర్చోబెట్టేవారట, ఆ వేడి ఏమిటో ఆయనకూ తెలియాలని! వానను నమ్ముకున్న రైతుల మధ్య సేవ చేసేవాణ్ణి, నాకు నవ్వు రాలేదు. 1987లో హెనాన్ రాష్ట్రంలోని పుయాంగ్‌లో ఒక సమాధి తవ్వితే, అస్థిపంజరం పక్కన గుల్లలతో పేర్చిన డ్రాగన్ బయటపడింది. ఆరు వేల ఏళ్లు దాటినది. అంటే యోహాను పత్మాసులో దర్శనం చూడడానికి నాలుగు వేల ఏళ్ల ముందే వాళ్లకు ఈ బొమ్మ ఉంది. తర్వాత అది రాజచిహ్నమైంది. మింగ్, చింగ్ వంశాల కాలంలో అయిదు గోళ్ల డ్రాగన్ చక్రవర్తికి చెందిన గుర్తు.

చిక్కు బైబిలు తర్జుమాలో వచ్చింది. ప్రకటనలోని గ్రీకు మాట 'డ్రాకోన్'. మన తెలుగు అనువాదకులు ఘటసర్పము అన్నారు. 1919 నాటి చైనీస్ యూనియన్ బైబిల్లో మాత్రం అక్కడ ఉన్నది లొంగ్. వానకూ రాజుకూ గుర్తుగా ఎంచిన పేరే సాతానుకు వచ్చిపడింది.

ఆ చిక్కులో నలిగినవాడు హాంగ్ షియుచ్వాన్. క్రైస్తవ కరపత్రాలు చదివి, తాను యేసుకు తమ్ముణ్ణని భ్రమపడి, 1851లో తైపింగ్ తిరుగుబాటు లేపాడు. డ్రాగన్ దయ్యమన్నాడు. బొమ్మ వేస్తే దాని కంటికి బాణం తగిలినట్టు గుర్తు పెట్టాలన్నాడు. 1853లో నాన్‌జింగ్ పట్టుకుని రాజైపోయాక మాట మార్చాడు: మావి అమూల్యమైన బంగారు డ్రాగన్లు, వాటి కంటికి బాణం అక్కర్లేదు! 1864లో ఆ యుద్ధం ముగిసేసరికి సుమారు రెండు కోట్ల మంది చనిపోయారని అంచనా.

ఇంకొక్క మాట. 148వ కీర్తనలో యెహోవాను స్తుతించమని పిలుపు అందుకున్న మకరములు ఉన్నాయి కదా, పాత గ్రీకు బైబిల్లో వాటికీ ఆ 'డ్రాకోన్' మాటే వాడారు. సెమినరీలో చదువుకున్నవాణ్ణి, ఈ సంగతి ఆ ఆదివారమే గుర్తుకు రావాల్సింది.

ఈ బుధవారం ఆ కుర్రాడి ఇంటికి వెళ్తున్నాను. పెద్దాయన్ని కూడా రమ్మన్నాను.